ఎర్ర చొక్కా వేసుకున్నవాళ్ళని పలకరించకూడదు

ఆ రోజు ఉదయం కోడలు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తలస్నానం చేయాలి, అందరికీ టిఫిన్ పెట్టేయాలి, తలుపు వెనక కొక్కేనికి వేలాడే ఎర్ర చొక్కా సంచిలో పెట్టుకోవాలి, అంబులెన్సు డ్రైవరు వచ్చి హారన్ కొట్టేలోపు వీధిలో నిలబడి ఉండాలి. అంతే. ఇందులో తేడా రావడానికి సందు ఎక్కడుందో మీరే చెప్పండి.

ఆమె అంబులెన్సులో సహాయకురాలు. స్ట్రెచరు పట్టడం, ఆక్సిజన్ పెట్టడం, ఏడ్చేవాళ్ళకి ధైర్యం చెప్పడం ఆమె పని. ప్రాణం నిలబెట్టే ఇంజెక్షన్లు ఇవ్వడానికి మాత్రం వేరే శిక్షణ, వేరే పరీక్ష ఉన్నాయి. ఒకసారి బండిలో ఒకావిడ ఊపిరాడక కొట్టుకుంటోంది. ఇవ్వాల్సిన మందు చేతికందే దూరంలోనే ఉంది. ఇచ్చే అర్హత ఉన్న మనిషి మాత్రం ఇంకో బండిలో దారిలో ఉన్నాడు. అతను వచ్చేదాకా కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోవడం తప్ప ఏమీ చేయలేకపోయింది. ఆవిడ బతికి బట్టకట్టింది. కోడలికి మాత్రం ఆ కూర్చోవడం గుండెలో ముల్లులా ఉండిపోయింది. మర్నాడే వెళ్ళి శిక్షణకి పేరిచ్చింది.

మొదటిసారి పరీక్ష తప్పింది. చదువు రాక కాదు. ఈ మందులు ఇవ్వడానికి ఒక పద్ధతి ఉంది. సీసా చేతిలోకి తీసుకోగానే దాని మీద ఉన్నది పైకి చదవాలి. పక్కనున్న మనిషి అదే తిరిగి చెప్పాలి. సిరంజిలోకి ఎక్కించేటప్పుడు మళ్ళీ చదవాలి, ఇచ్చేముందు ఇంకోసారి చదవాలి. ఎందుకంటే ప్రాణం పోసే సీసా, ప్రాణం తీసే సీసా పెట్టెలో పక్కపక్కనే, కవలపిల్లల్లా ఉంటాయి. ఎదురుగా మనిషి పోతున్నాడంటే పరిగెత్తడం ఎవరికైనా వస్తుంది. అప్పుడు నిలబడి, చెయ్యి వణక్కుండా, సీసా మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో ఆలోచించండి. ఆ పని చేసేవాళ్ళకి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

కోడలు అంతా బాగానే చేసింది. సరిగ్గా సీసా తీసే సమయానికి వెనకనుంచి ఎవరో "అమ్మా, ఒక్క మాట" అన్నారు. అది పరీక్షలో భాగమే, కావాలనే అనిపించారు. కోడలు తల తిప్పి "ఆఁ, చెప్పండి" అంది. చెయ్యి పక్క సీసా మీద పడింది.

"నీకు పని రాదని కాదమ్మా, ఎవరు పిలిచినా పలుకుతావు. అదే నీ జబ్బు" అంది పరీక్ష పెట్టే మేడమ్.

ఆ జబ్బు ఎక్కడ అంటుకుందో వేరే చెప్పక్కర్లేదు. వాళ్ళింట్లో టీవీ రిమోట్ కనపడకపోయినా, కుళాయి కారినా, పిల్లి కిటికీలోంచి తొంగి చూసినా అందరూ పిలిచేది ఆమెనే. ఆమె ఎక్కడున్నా "వస్తున్నా" అంటుంది. అందుకే మేడమ్ ఒక చేతుల్లేని ఎర్ర చొక్కా ఇచ్చి ఇంటికి పంపింది. దాని వీపు మీద పెద్ద అక్షరాలతో "మందు సిద్ధం చేస్తున్నాను, పలకరించకండి" అని ఉంటుంది. ఇంట్లో ఇది వేసుకుని సాధన చేయాలి. వేసుకున్నంతసేపూ ఆమెని ఎవరూ పలకరించకూడదు, ఆమె ఎవరికీ పలకకూడదు. ఇదీ రూలు. రెండోసారి కూడా తప్పితే మాత్రం మళ్ళీ అవకాశం లేదు.

ఇంటిల్లిపాదీ ఆ రూలుని మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు. మరీ ఎక్కువగా ఒప్పుకున్నారు. కుళాయి బాగుచేయమంటే మొగుడు ఎర్ర చొక్కా తగిలించుకుని సోఫాలో కూర్చునేవాడు. సీరియల్ టైముకి అత్తగారు వేసుకునేది. అందరికంటే నిష్ఠగా పాటించింది మామగారు. ఆయన రిటైరైన రైల్వే మనిషి. రూలంటే ఆయనకి ప్రాణం. చొక్కా వేసుకుని పేపరు పట్టుకున్నారంటే ఇల్లు కూలినా పలకరు.

పరీక్ష ముందురోజు అత్తగారికి కోడలి మీద ప్రేమ పొంగింది. "పరీక్షకి మాసిన చొక్కాతో వెళ్తుందా పిల్ల!" అని దాన్ని ఉతికి మేడ మీద ఆరేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తెల్లారాక మామగారు మేడ మీద నడకకి వెళ్ళి, ఆరిన చొక్కా చూసి, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని భద్రంగా ఒంటి మీద వేసుకుని, కిందకి దిగి బాల్కనీలో పేపరు విప్పారు.

తలుపు వెనక కొక్కెం ఖాళీగా ఉంది.

"అత్తయ్యా, నా ఎర్ర చొక్కా చూశారా?"

"మేడ మీద ఉందమ్మాయ్, నిన్న ఉతికాను. నేను తెస్తానుండు" అని మోకాళ్ళు పట్టుకుంటూ పైకెక్కిన అత్తగారు అక్కణ్ణుంచే గావుకేక పెట్టింది. "అయ్యో! ఎవడో కొట్టేశాడు! ఉతికిన బట్టని కూడా వదల్లేదు వెధవలు!"

"ఏవండీ, మీరేమైనా వేసుకున్నారా?"

"నేనా? ఈ వారం నాకెవరూ ఏ పనీ చెప్పలేదు, నాకెందుకది?" అన్నాడు మొగుడు, సబ్బు నురగతో బాత్రూం తలుపు సందులోంచి.

ఇక ఇల్లు తిరగేశారు. పరుపులు ఎత్తారు, బీరువాలు గుమ్మరించారు. పక్కింటివాళ్ళ తీగ మీదున్న ఎర్ర తువ్వాలుని అనుమానించి వాళ్ళతో మాటా మాటా అనుకున్నారు. బాల్కనీలో మామగారు పేపరు చాటున అన్నీ వింటూనే ఉన్నారు. విప్పిన పేపరు చొక్కా ముందుని, కుర్చీ వీపు మీది అక్షరాలని కప్పేశాయి కాబట్టి, ఆయన మీదుగా వంగి కుండీల వెనక వెతికినా ఎవరికీ కనపడలేదు. ఆయన పలకలేదు. చొక్కా వేసుకుని ఉన్నారు కదా, ఎలా పలుకుతారు?

కింద హారన్ మోగింది. కోడలి మొహం చూస్తే జాలేస్తుంది. "ఆ చొక్కా ఒంటి మీద ఉంటేనే నాకు చెవులు మూసుకుంటాయత్తయ్యా. అది లేకపోతే మళ్ళీ ఎవరో పిలుస్తారు, మళ్ళీ తల తిప్పుతాను" అంటూనే చెప్పులేసుకుని పరిగెత్తింది.

బండి వీధి మలుపు తిరిగాక మామగారు చివరి పేజీ పూర్తిచేసి, పేపరు నాలుగు మడతలు పెట్టి, చొక్కా విప్పి, గొంతు సవరించుకుని అడిగారు. "దీనికోసమేనా వెతుకుతున్నారు?"

అత్తగారు చొక్కా లాక్కుంది. ఇక ఆగలేదు. "మీకు నోరు లేదా! పిల్ల కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంటారా!"

"రూలు రూలే కదే. వేసుకున్నవాళ్ళు మాట్లాడకూడదు."

"విప్పి మాట్లాడొచ్చుగా!"

"పేపరు మధ్యలోనా?"

"నాన్నా, అమ్మా, తర్వాత పోట్లాడుకోండి. పదండి, ఆటోలో వెనకాలే వెళ్దాం" అన్నాడు మొగుడు. చొక్కా ఒక్కటీ పట్టుకుని అతనొక్కడూ వెళ్ళొచ్చు. కానీ తప్పు నాదని అత్తగారు, కాదు నాదని మామగారు, ఇద్దరూ ఆటో ఎక్కేశారు. ఆ ఇంట్లో తప్పు ఒప్పుకోవడానికి కూడా పోటీయే.

పరీక్ష జరిగే భవనంలో లిఫ్టు చెడిపోయింది. పరీక్ష గది పై అంతస్తులో ఉంది. ఆ రోజు పరీక్షకి రోగిగా, రోగి చుట్టాలుగా నటించడానికి ఒక నాటకాల కంపెనీ నుంచి ముగ్గురు రావాలి. ఒక ముసలాయన, ఆయన భార్య, వాళ్ళబ్బాయి. వాళ్ళు వచ్చారు కూడా. లిఫ్టు లేదని తెలిసి, రంగులు పూసుకున్న మొహాలు చెమటకి కారిపోతాయని కింద క్యాంటీన్‌లో ఫ్యాన్ కింద కూర్చున్నారు.

పైన తలుపు దగ్గర అటెండరుకి మేడమ్ చెప్పిందల్లా ఒకటే. "ఒక ముసలాయన, ముసలావిడ, ఒకబ్బాయి వస్తారు. గొడవ గొడవగా ఉంటారు. రాగానే లోపలికి పంపు, ముసలాయన్ని మంచమెక్కించు."

సరిగ్గా అప్పుడే మెట్ల మీంచి ఒక ముసలాయన రొప్పుతూ వచ్చాడు. వెనక ఒక ముసలావిడ కళ్ళు తుడుచుకుంటూ, తిడుతూ వస్తోంది. వాళ్ళ వెనక ఒకబ్బాయి ఇద్దరినీ ఊరుకోమని అరుస్తున్నాడు. అటెండరు ముచ్చటపడిపోయాడు. కిందనుంచే మొదలుపెట్టేశారే, ఎంత అంకితభావం అనుకున్నాడు.

"రండి రండి, మీకోసమే చూస్తున్నాం. పెద్దాయనా, మీరిలా పడుకోండి. ఏం మాట్లాడకండి, మీకు ఊపిరాడటం లేదు" అన్నాడు.

అది నిజమే కాబట్టి మామగారు మాట్లాడలేదు. పడుకోబెట్టారు, దిండు పెట్టారు, తొడకి స్పాంజితో చేసిన పట్టీ ఒకటి కట్టారు. సూది దానిలోకే దిగాలి, మనిషికి తగలకూడదని ఆ ఏర్పాటు. మామగారి కాళ్ళు సన్నం. పట్టీ జారి మోకాలి దగ్గరకొచ్చింది. అటెండరు చూసుకోలేదు. మామగారు మాత్రం, మెట్లెక్కి వచ్చినవాళ్ళకి ఇక్కడ మర్యాదలు బాగా చేస్తున్నారే అనుకుని కళ్ళు మూసుకున్నారు.

అద్దం వెనక మేడమ్ కూర్చుని ఉంది. నాటకాలవాళ్ళు ప్రతిసారీ కొత్తవాళ్ళే వస్తారు, ఆమెకి మొహాలు తెలియవు. మైకులో పిలిచింది. "తర్వాతి అభ్యర్థి."

కోడలు లోపలికి వచ్చింది. పక్కన సహాయంగా డ్రైవరు బాబాయి ఉన్నాడు. సీసా మీదది ఆమె చదివితే తిరిగి చెప్పడం ఆయన పని. ఆమె ఒంటి మీద ఎర్ర చొక్కా ఉంది. గుమ్మం పక్కన కొక్కేలకి వరసగా వేలాడుతున్న వాటిలో ఒకటి తగిలించుకుంది.

"పెద్దాయన. ఏదో తిన్నాక ఒళ్ళంతా దద్దుర్లొచ్చాయి. ఊపిరాడటం లేదు. ఇంజెక్షన్ ఇవ్వండి, త్వరగా" అంది మైకు.

కోడలు మంచం వైపు చూసింది. అక్కడ పడుకున్నది మామగారు.

ఇటుపక్కనుంచి అత్తగారు ఎర్ర చొక్కా జెండాలా ఊపుతూ వచ్చేసింది. "అమ్మాయ్! చొక్కా దొరికింది! మీ మామయ్యే వేసుకుని కూర్చున్నారు! చూడు, ఇదిగో, ఆరింది కూడా!"

"అమ్మా, ఉండు! తను చొక్కా వేసుకుని ఉంది, పలకరించకూడదు!"

"అది వేరే చొక్కారా! రూలు మన చొక్కాకి!"

"చొక్కా ఏదైనా రూలు ఒక్కటే!"

"నువ్వు అచ్చం మీ నాన్నవే! అమ్మాయ్, ఇటు చూడు! అది ఎవరు తొడిగి విప్పిందో ఏమో, మనది ఉతికింది!"

అద్దం వెనక మేడమ్ కుర్చీలో ముందుకు జరిగింది. ఇంత సహజంగా నటించేవాళ్ళని ఆమె ఇంతకుముందు చూడలేదు. ఈ గోలలో ఈ పిల్ల ఖాయంగా తల తిప్పుతుందని కలం తీసింది.

కోడలు తల తిప్పలేదు.

ఇన్నాళ్ళూ "అమ్మాయ్" అంటే చాలు "వస్తున్నా" అనే మనిషి, మామగారి మణికట్టు పట్టుకుని నాడి చూసింది. మెడ, చేతులు, ఛాతీ చూసింది. దద్దుర్లు లేవు. కాలికి కట్టిన పట్టీ ఎక్కడుందో చూసింది. అప్పుడు పెట్టె తెరిచి సీసా తీసి, వెలుతురుకి పెట్టి పైకి చదివింది. మందు పేరు చదివింది, డ్రైవరు తిరిగి చెప్పాడు. ఎంత ఉందో చదివింది, తిరిగి చెప్పాడు. గడువు తేదీ చదివింది, తిరిగి చెప్పాడు. ఆ పైన చిన్న అక్షరాలు ఉన్నాయి. శిక్షణ సీసాలన్నిటి మీదా ఉంటాయి కాబట్టి ఎవరూ చదవని అక్షరాలవి.

"శిక్షణకు మాత్రమే. మనుషులకు వాడరాదు" అని చదివింది కోడలు.

డ్రైవరు తిరిగి చెప్పలేదు. "అది ఎప్పుడూ ఉండేదే తల్లీ, కానియ్" అని గొణిగాడు.

"బాబాయ్, తిరిగి చెప్పు."

"శిక్షణకు మాత్రమే... మనుషులకు..." డ్రైవరు మంచం వైపు చూశాడు. అంతకుముందు చాలాసార్లు వాళ్ళింటి ముందు హారన్ కొట్టి, బాల్కనీలో పేపరు చదివే పెద్దాయనకి నమస్కారం పెట్టినవాడే. "...వాడరాదు" అని మిగతాది కూడా చెప్పేశాడు.

"ఎందుకు ఆగారు? టైమ్ పోతోంది" అంది మైకు.

కోడలు సీసా బల్ల మీద పెట్టేసింది. "ఆపుతున్నాను మేడమ్. ఈ సీసా శిక్షణది, ఇందులో ఉన్నది నీళ్ళు. ఈయన మాత్రం నిజం మనిషి, మా మామగారు. ఇక్కడికెలా వచ్చారో నాకు తెలీదు. నిజంగా ఆయాసపడుతున్నారు. కాలి పట్టీ కూడా మోకాలికి జారిపోయింది, సూది సరాసరి ఒంట్లోకి దిగేది. ఇవ్వను. ముందు నిజం ఆక్సిజన్ తెప్పించండి, నిజం డాక్టర్ని పిలవండి."

"ఆపితే పరీక్ష అయిపోయినట్టే, తెలుసుగా?"

"తెలుసండి. నాకు మళ్ళీ అవకాశం లేదనీ తెలుసు." అప్పటికే మామగారి తల కింద ఇంకో దిండు సర్దుతోంది. "మామయ్యా, గుండెల్లో నొప్పిగా ఉందా?"

అత్తగారి చేతిలో జెండా కిందకి దిగింది. ఎర్ర చొక్కా వేసుకోకుండానే ఆ తల్లీకొడుకులు నోరు మూసుకోవడం అదే మొదటిసారి.

మామగారు కళ్ళు తెరిచారు. "నొప్పేం లేదమ్మా, మెట్లు. ఆ సీసాలో నీళ్ళేనన్నావుగా... ఇటివ్వు, దాహంతో చస్తున్నా."

డాక్టరు వచ్చి చూశాడు. మెట్ల ఆయాసమే, ఇంకేమీ లేదు. మంచినీళ్ళు గ్లాసులో తెప్పించి ఇచ్చారు. మేడమ్ అద్దం వెనకనుంచి బయటికొచ్చి అటెండరు వైపు చూసింది. అటెండరు "మీరు చెప్పిన ముగ్గురే కదండీ, చెప్పినదానికంటే ఎక్కువే గొడవ చేశారు" అన్నాడు. అప్పుడే తలుపు తోసుకుని ఇంకో ముసలాయన ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు పూసుకుని వచ్చాడు. మంచం మీద మామగారిని చూసి ఆయన మొహం మాడిపోయింది. "ఏవండీ, నా వేషం ఈయనకెవరిచ్చారు?"

జరిగిందంతా అర్థమయ్యాక మేడమ్ కోడలి ముందుకొచ్చి నిలబడింది. కోడలు తలదించుకుంది.

"ఎన్నో ఏళ్ళుగా ఈ పరీక్ష పెడుతున్నానమ్మా. త్వరగా ఎలా ఇవ్వాలో నేర్పుతాం. ఇవ్వకూడనప్పుడు ఎలా ఆగాలో కూడా చెబుతాం కానీ, అది పరీక్షలో పెట్టే దారి నాకు దొరకలేదు. ఇవాళ మీవాళ్ళు పెట్టేశారు. నా మైకు తొందరపెట్టినా, నీ పక్క మనిషి కానిచ్చేయమన్నా, నీకిది ఆఖరి అవకాశమైనా ఆగావు. నేను అద్దం వెనక కూర్చుని కూడా పట్టీ జారడం చూడలేదు" అంది మేడమ్. చేత్తో కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "కానీ రూలు రూలే. ఆపినందుకు ఫెయిల్ చేయను, ఇంజెక్షన్ ఇవ్వడం చూడకుండా పాస్ కూడా చేయను. కాసేపాగి ఈ నిజం నటుడితో మళ్ళీ చెయ్యి."

"చూశావా, రూలు రూలేనట" అన్నారు మామగారు భార్యతో, చాలా తృప్తిగా.

మళ్ళీ చేసింది. ఈసారి నాటకాలావిడ వెనక నిలబడి ఏడ్చింది, కొడుకు వేషం వేసినతను చెయ్యి పట్టి లాగబోయాడు. కోడలు సీసా మీది ప్రతి అక్షరం చదివింది, డ్రైవరు ప్రతి అక్షరం తిరిగి చెప్పాడు. గడువు తేదీ రెండుసార్లు చెప్పాడు, అపరాధ రుసుముగా. పట్టీ ఎక్కడుందో ముందే సరిచూసుకుంది. సూది స్పాంజిలోకి సూటిగా, మెత్తగా దిగింది. గోడవారగా బెంచీ మీద కూర్చున్న అత్తగారు మాత్రం పెదవి విరిచింది. "ఆవిడ ఏడుపులో పస లేదురా. ఒక్కసారైనా మొగుణ్ణి తిట్టిందా?"

మేడమ్ ఆ మాట వింది. పాసైన కాగితం కోడలి చేతిలో పెట్టి, తర్వాత అత్తగారి దగ్గరకొచ్చి, "వచ్చే బ్యాచ్ పరీక్షకి మీ ముగ్గురూ వస్తారా?" అని అడిగింది.

అత్తగారు గుమ్మం పక్కన వేలాడుతున్న చొక్కాల వరస వైపు వేలు చూపించింది. "ముందు అవన్నీ ఉతికిస్తానంటే వస్తాం."

ఇప్పుడు కోడలు బండిలో ఎవరికోసమూ ఎదురుచూస్తూ కూర్చోవడం లేదు. మొన్న ఒక బడి టీచరు తేనెటీగ కుట్టి ఊపిరాడక పడిపోతే, చుట్టూ బడి మొత్తం అరుస్తుండగా సీసా వెలుతురుకి పెట్టి, చదివి, తిరిగి చెప్పించి, ఇచ్చింది. టీచరు లేచి కూర్చుంది. ఇంట్లో కూడా ఎర్ర చొక్కాతో ఆమెకి పనిలేదు. పని మధ్యలో ఎవరు పిలిచినా చేతిలో పని పూర్తయ్యాకే పలుకుతోంది. కుళాయి మొగుడే బాగుచేసుకున్నాడు.

ఆ భవనంలో లిఫ్టు ఆ వారమే బాగుచేశారు. పరీక్ష రోజుల్లో రోగి వేషం వేయడానికి వెళ్ళే మామగారు మాత్రం మెట్లే ఎక్కుతున్నారు. ఆయాసం నటిస్తే పరీక్ష రాసే పిల్లలు పట్టేస్తారట.